అర మార్కు తక్కువ

జూన్ 8

బాబినూ,

అమ్మని, మిషను బాబినంత ఉండేదానివని నీకా ముద్దుపేరు పెట్టినదాన్ని. నాలుగో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను రాసినవన్నీ కొలతలే. ఛాతీ ముప్పై నాలుగు, చెయ్యి పొడవు పది, మెడ లోతు ఆరు. ఇంత పెద్ద కాగితం మీద ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, పొద్దుట్నుంచి మూడుసార్లు పెన్ననుకుని సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాను.

మీ హాస్టల్లో ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తారనీ, తెలుగులో నోరు తెరిస్తే నిలబెట్టి ఆ మాటే ఇంగ్లీషులో పదిసార్లు చెప్పిస్తారనీ నువ్వంటే వేళాకోళం అనుకున్నాను. నిజమేనట. ఉత్తరాలకు మాత్రం అడ్డు లేదట. ఈ కాలంలో ఎవరు రాస్తారులే అని, వద్దనడం మర్చిపోయి ఉంటారు.

ఇక్కడ అంతా మామూలే. ఆసుపత్రి నుంచి కొత్త నర్సుల యూనిఫారాలు పద్నాలుగు వచ్చాయి. అందులో ఒకటి సరిగ్గా అక్క కొలత. దాన్ని విడిగా పెట్టాను, అన్నీ అయ్యాక ఆఖర్న కుడదామని. మొన్న భోజనానికి మూడు కంచాలు పెట్టాను. ఒకటి తీశాను. కాసేపు నిలబడి రెండోది కూడా తీశాను. కూతురు పోయి మూడు నెలలైనా ఇంకా ఏడుస్తోంది అని కొందరు, మూడు నెలలకే మిషనెక్కింది అని కొందరు. వీధికి ఏ కొలతా సరిపోదు.

నువ్వు మాత్రం ఆ అర మార్కు పట్టుకుని రా. పైదేశం వెళ్ళడానికి పెట్టే ఆ ఇంగ్లీషు పరీక్షలో మీ అక్కకి రెండుసార్లూ అర మార్కే తగ్గింది. రెండుసార్లూ సరిగ్గా అరే. ఆ పరీక్ష పెట్టేవాళ్ళు అరచేతిలో దాచుకున్న ఆ కాస్తా ఇచ్చి ఉంటే పెద్దది ఈపాటికి చలిదేశంలో వెచ్చటి కోటు వేసుకుని తిరుగుతుండేది. ఈ జ్వరాల వార్డులో ఉండేది కాదు. ఆ జ్వరం తనకి అంటేదీ కాదు. నీకు కూడా అక్కడికి వెళ్ళాలని ఎంత కోరిక లేకపోతే, రక్తపరీక్షల గదిలో ఉద్యోగానికి సెలవు పెట్టి వెళతావు? నేనెందుకు అడ్డొస్తాను.

అక్కకి కుట్టిన కోటు పెట్టెలో ఉంది. లోపల మందపాటి అస్తరు వేసింది. నీకు భుజాలు వదులవుతాయి. కొలతలు పంపు.

పళ్ళు తోమకుండా టీ తాగకు.

అమ్మ


జూన్ 15

అమ్మా,

నీ ఉత్తరం హాస్టల్లో పెద్ద వింతయింది. వార్డెను కవరు అటూ ఇటూ తిప్పి, "ఎవరైనా కేసు పెట్టారా?" అని అడిగింది. నా గదిలో ఉండే పిల్ల నీ అక్షరాలు చూసి, "మీ అమ్మ గీత గీస్తే గోడ కట్టుకోవచ్చే" అంది. పాపం, తెలుగులో అంది. నిలబడి పదిసార్లు ఇంగ్లీషులో చెప్పింది.

మా మాస్టారి మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచీ వేలాడుతుంటుంది. మేం గడియారం మాస్టారంటాం. పరీక్ష నాలుగు భాగాలు: వినడం, చదవడం, రాయడం, మాట్లాడ్డం. ఇవన్నీ నాకు చిన్నప్పుడే వచ్చనుకున్నాను. రావట. వినే భాగం ఒక్కసారే వినిపిస్తారు. చెవి మళ్ళిందా, పోయినట్టే. చదివే భాగంలో పాఠం ముందు చదవకూడదు. ప్రశ్నలు చదివి, అప్పుడు పాఠంలోకి దిగి వెతుక్కోవాలి. రాయడంలో ఇరవై నిమిషాల్లో ఒక ఉత్తరం, నూట యాభై మాటలకి తగ్గకుండా. మాట్లాడ్డంలో ఒక్క నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. అది విన్నప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నీకు ఇంగ్లీషొక్కటే తక్కువ.

బట్టీపట్టి అప్పజెప్పేవాళ్ళని ఇట్టే పట్టేస్తారట. "పాత ప్రశ్నపత్రాలు గడియారం ముందు పెట్టుకుని చెయ్యండి, అదొక్కటే మందు" అంటారు మాస్టారు. అక్క దగ్గర నీలం అట్ట పుస్తకం ఉండాలి. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. అందులో అక్క పెన్సిలుతో జవాబులు రాసింది కదా, అవి రబ్బరుతో తుడిచేసి నాకు పంపు. జవాబులు కనబడుతుంటే నాకు సాధన అవ్వదు.

నీ కోసం బాగా రాస్తానమ్మా.

నీ బాబిను


జూన్ 22

బాబినూ,

తుడవమన్నావు. రబ్బరు కొన్నాను. పుస్తకం తెరిచాను. మూసేశాను.

నువ్వేదో మామూలుగా అనేశావు. అక్క చేత్తో గీసినవి ఈ ఇంట్లో ఇంకేమున్నాయో చెప్పు. ఆసుపత్రి వాళ్ళ రిజిస్టర్లలో సంతకాలున్నాయి, అవి వాళ్ళవి. ఆ పెన్సిలు కొన్నిచోట్ల నొక్కి రాసింది, కొన్నిచోట్ల నిద్రలో రాసినట్టు జారింది. వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. రబ్బరు పెట్టను.

జిరాక్సు తీయించమన్నాడు మందులషాపు తమ్ముడు. ఆ జిరాక్సు మనిషి పుస్తకాన్ని బోర్లా పడేసి, మూత వేసి, మోచేత్తో నొక్కుతాడు. వెన్ను విరుగుతుంది. పైగా పెన్సిలు గీత దాన్లో పడదట. మరి నాకొచ్చిన పని నేను చేశాను. కాలరు నమూనాలు దించుకునే పల్చటి కాగితం ఉందిగా, అది పేజీ మీద పరిచి గీత మీద గీత దించాను. అచ్చు అక్షరాలు నల్ల సిరాతో, అక్కవి నీలం సిరాతో. నీలం వదిలేద్దామనే అనుకున్నాను. చెయ్యి ఒప్పుకోలేదు. నువ్వు కావాలంటే నీలం మీద వేలు అడ్డం పెట్టుకుని చదువు.

ఇంగ్లీషు ముక్క ఒక్కటీ నాకు రాదు. కాజాలు కుట్టేదానికి కాజా తెలిస్తే చాలు, చొక్కా ఎవరిదో తెలియక్కర్లేదు. మొదటి పరీక్ష పన్నెండు పేజీలు, పంపుతున్నాను. కొలతలు పంపలేదు నువ్వు.

అమ్మ


జూన్ 29

అమ్మా,

మాస్టారు నీ పేజీల్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశారు. "ఇది అచ్చా, చేతిరాతా?" అన్నారు. చేతిరాత అన్నాను. "ఆవిడ ఇంగ్లీషు ఎంతవరకు చదువుకున్నారు?" అన్నారు. మా అమ్మ చదవదండీ, కుడుతుంది అన్నాను. ఆయన స్టాప్‌వాచీ ఆపడం మర్చిపోయి, ఆ రోజు అందరికీ పది నిమిషాలు ఎక్కువ దొరికాయి. నీకు థాంక్సు చెప్పమంటున్నారు.

మూడో ప్రశ్నకి అక్క తప్పు రాసిందమ్మా. ఐదో దానికీ. ప్రశ్న సరిగా చదవకుండా రాసేసింది. నేనేమో వేలు అడ్డం పెట్టడం మర్చిపోయి అదే తప్పు నేనూ రాశాను. ఇద్దరికీ కలిపి మాస్టారు చీవాట్లు నాకే పెట్టారు.

కొలతలకి ఇక్కడ టేపు లేదు.

నీ బాబిను


జూలై 6

బాబినూ,

టేపు లేకపోతే దారం పెట్టి కొలిచి, దారం కత్తిరించి పంపు. దర్జీ కూతురివి, ఇది కూడా చెప్పాలా?

ముందు ప్రశ్నలు చదవాలన్నావు కదా, నేను దుకాణంలో అదే మొదలుపెట్టాను. ఇదివరకు మనిషి రాగానే టేపు తీసేదాన్ని. ఇప్పుడు ముందు అడుగుతున్నాను: కూర్చుని చేసే పనా, నిలబడి చేసే పనా, జేబులో ఏం పెడతారు అని. మొన్న ఒకావిడ, "గుడ్డ ఇవ్వడానికొచ్చాను గాని సంబంధం చూడ్డానికి రాలేదు" అంది. జాకెట్టు మాత్రం ఒక్క సవరణ లేకుండా కూర్చుంది. మీ మాస్టారికి చెప్పు.

ఇంకోటి రాశావు, ఒక్కసారే వినిపిస్తారని. అది చదివి ఆ పూట మిషను ఎక్కలేదు. ఆఖరి రోజు మాస్కులోంచి అక్క నాతో ఏదో అంది. మూడు మాటలుంటాయి. నాకు అందలేదు. ఏంటమ్మా అన్నాను. నర్సు వచ్చి మాట్లాడించకండి అంది. నేను మంచిదాన్నిగా నోరు మూసుకున్నాను. మళ్ళీ వెయ్యమంటే వెయ్యరని నాకప్పటికి తెలియదు కదా. ఆ మూడు మాటలూ ఏమై ఉంటాయా అని రోజుకొకటి పెట్టి చూస్తున్నాను. ఏవీ అతకడం లేదు.

ఇది నీ చదువుకి పనికొచ్చే సంగతి కాదు. వదిలెయ్.

ఈసారి రాసే భాగం పంపుతున్నాను. ఇందులో అక్క మూడు ఉత్తరాలు రాసింది, పొడుగ్గా, పేజీ నిండా. దించడానికి నాలుగు రోజులు పట్టింది. మూడో దాంట్లో పెన్సిలు బాగా నొక్కి రాసింది. ఏం రాసిందే? ఎవరికి రాసింది? ఒక్క ముక్కా వదలకుండా చెప్పు.

అమ్మ


జూలై 13

అమ్మా,

అవి పరీక్ష కోసం రాసినవేలే. వాళ్ళు ఏదో ఒక సంగతి ఇస్తారు, మనం ఉన్నట్టు ఊహించుకుని రాయాలి. మొదటిది గ్రంథాలయం వాళ్ళకి, పుస్తకం ఆలస్యంగా ఇస్తున్నందుకు క్షమించమని. రెండోది పక్కింటివాళ్ళకి, మీ కుక్క అరుస్తోందని. మూడోది నీళ్ళ ఆఫీసుకి, కుళాయి కారుతోంది బాగుచేయించమని అర్జీ. అంతే.

బాగా రాసింది. అర మార్కు తగ్గించడం అన్యాయమే.

పరీక్ష ఆగస్టు 23న. మాట్లాడే సాధన మొదలైంది. "మీరు మెచ్చుకునే ఒక మనిషి గురించి చెప్పండి" అని చీటీ వచ్చింది. అక్క గురించి మొదలుపెట్టాను. అర నిమిషం మాట్లాడి ఆగిపోయాను. మిగతా నిమిషమున్నరా స్టాప్‌వాచీ ఒక్కటే మాట్లాడింది. మాస్టారు తరవాత బయటికొచ్చి, "నిజం మనుషులు వద్దమ్మా, కట్టుకథ చెప్పు, పరీక్షలో కట్టుకథలే గట్టిగా నిలబడతాయి" అన్నారు.

ఇవాళ తొందరలో ఉన్నాను.

నీ బాబిను


జూలై 20

బాబినూ,

నీళ్ళ ఆఫీసు అర్జీ సంగతి వీధంతా చెప్పాను. ఇంగ్లీషులో పేజీ నిండా అర్జీ రాసిన పిల్లకి అర మార్కు కోసేస్తారా అని మందులషాపు దగ్గర గట్టిగానే అడిగాను. అక్కడున్న నలుగురూ అన్యాయమే అన్నారు. వాళ్ళలో ఇద్దరు తలనొప్పి మాత్ర కోసం వచ్చినవాళ్ళు, త్వరగా ఇంటికెళ్ళడానికి అన్నారేమో.

మన కుళాయి ఎప్పుడూ కారలేదు కదా అనిపించింది. ఊహించి రాయాలన్నావు, సరే.

మందులషాపు తమ్ముడి దగ్గర రోజూ మధ్యాహ్నం, బేరం లేని వేళ, ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుంటున్నాను. మాత్రల డబ్బాలే నా వాచకం. "అక్కయ్యా, ఈ వయసులో నీకెందుకీ అవస్థ?" అన్నాడు. దించడం ఎలాగూ దించుతున్నాను, ఏం దించుతున్నానో తెలిస్తే మంచిది కదా అన్నాను. చిన్నబడి, పెద్దబడి అని ఒక్కో అక్షరం రెండు రకాలట. ఎవరికి తోచిందో, పనిలేనివాడికి.

దారం పంపలేదు.

అమ్మ


ఆగస్టు 3

బాబినూ,

నువ్వు పోయిన వారం రాయలేదు. నేను కూడా రాయలేదు. ఇవాళ ఒక్క సంగతి అడుగుతాను, కోపం లేకుండా అడుగుతున్నాను.

అక్క డ్యూటీకి తీసుకెళ్ళే టిఫిను డబ్బా గుర్తుందా? మూత మీద ఎర్ర గోళ్ళరంగుతో ఇంగ్లీషులో అమ్మ అని రాసుకుంది. నీ డబ్బా మీద నీ పేరు రాసుకోవాలి గాని నా పేరెందుకే అంటే, "నా పేరుంటే దొంగిలిస్తారు. అమ్మ అని ఉంటే ఎవరూ ముట్టుకోరు" అంది. ఆ డబ్బా రోజూ నేనే కడిగాను. ఆ నాలుగు అక్షరాలు నాకు ఏ మందులషాపూ నేర్పక్కర్లేదు.

మూడో ఉత్తరాన్ని నా కోసం ఇంకోసారి దించుకున్నాను, మాటిమాటికీ పుస్తకం తెరిచి నలపకుండా. నిన్న దాన్ని మిషను మీద పరుచుకుని కూర్చున్నాను. ఆ మాట అందులో నాలుగు చోట్ల ఉంది. మొట్టమొదటి గీతలోనే ఉంది.

నీళ్ళ ఆఫీసు వాళ్ళని ఎవరైనా అమ్మా అని పిలుస్తారా?

మందులషాపు తమ్ముడి చేత చదివించుకోవచ్చు. కాగితం పట్టుకుని గడప దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. మనింటి సంగతి మాత్రల కొట్టులో వినడం ఇష్టం లేక. నువ్వే చెప్పాలి. కుళాయి గురించి కాదు.

అమ్మ


ఆగస్టు 10

అమ్మా,

అబద్ధం చెప్పాను. ప్రశ్నలో ఇలా ఉంది: మీకు బాగా తెలిసిన ఒకరికి, ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచిన ఒక సంగతి చెబుతూ ఉత్తరం రాయండి. అక్క రాసింది తెలుగులో పెడుతున్నాను. ఇంగ్లీషు తప్పులు చాలా ఉన్నాయి. నేను దిద్దలేదు.

"ప్రియమైన అమ్మా, నాకు బాగా తెలిసింది నువ్వే. నువ్వు ఇంగ్లీషు చదవలేవు, అందుకని ధైర్యంగా చెప్పేస్తున్నాను. ఆ పరీక్ష నేను రెండుసార్లూ రాయలేదు. మొదటిసారి పరీక్ష హాలు ఎదురుగా బస్‌స్టాపు బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఒక్క అక్షరం కూడా కనబడకూడదని అందరూ పేరు కాగితం పీకేసిన నీళ్ళ సీసాలు పట్టుకుని లోపలికి వెళుతున్నారు. నేను నా సీసాలో నీళ్ళు తాగేసి ఇంటికొచ్చాను. రెండోసారి కూడా అదే బెంచీ. అమ్మా, నువ్వు ఎలా రాశావు అని అడిగితే అర మార్కు పోయింది అని నోటికొచ్చింది. పది మార్కులు పోయాయంటే నన్ను తిడతావు, అర మార్కంటే వాళ్ళని తిడతావు కదా. తరవాత నువ్వు ఆ అర మార్కుతో ఎంత హుషారుగా పోట్లాడావంటే, దాన్ని నీ దగ్గర్నుంచి లాక్కోబుద్ధి కాలేదు. నువ్వు కోటు కుడుతున్నావు. గుండీలు మూడుసార్లు మార్చావు. అమ్మా, నాకు చలిదేశం వద్దు. నా వార్డులో ఏడో నంబరు మంచం ముసలామె నేనెవరో తెలియకుండానే నన్ను కూతురా అంటుంది. నాకు అక్కడే బాగుంది. ఈసారి నీతో చెప్పేస్తాను అమ్మా. కోటు మాత్రం వేసుకుంటాను. ఇక్కడ కూడా ఫ్యాను కింద చలేస్తుంది."

కింద, మాటలు లెక్కపెట్టుకుని నూట అరవై రెండు అని రాసుకుంది.

నీకు ఆ అర మార్కు ఒక్కటే మిగిలిందమ్మా, తిట్టుకోవడానికి. అదీ లేదంటే ఏమైపోతావోనని కుళాయి పెట్టాను.

ఇంక దాచడమెందుకు, నాదీ చెబుతాను. నాకూ ఆ దేశం వద్దు. అక్క పోయిన ఆ వారంలో ఇంట్లో ఇరవై మంది ఉండగా నువ్వన్నావు, "ఆ అర మార్కు నా చిన్నది తెస్తుంది" అని. అందరూ నావైపు చూశారు. నేను తెస్తానని తలూపాను. అందుకే వచ్చాను. నా రక్తపరీక్షల గది, నా గాజు గొట్టాలు, అవే నాకు ఇష్టం. దారం అందుకే పంపలేదు.

ఇప్పుడేం చెయ్యమంటావు? పరీక్ష పదమూడు రోజుల్లో ఉంది.

నీ బాబిను


ఆగస్టు 15

బాబినూ,

ఉత్తరం మంగళవారం వచ్చింది. శుక్రవారానికి నన్ను నేను కూడదీసుకున్నాను.

మొదట కోపమొచ్చింది. ఎదురుగా ఉంటే పెద్దదాన్ని వీపు మీద ఒక్కటి వేసేదాన్ని. రెండుసార్లు ఆ పరీక్ష పొద్దున తలస్నానం చేయించి, నా చేత్తో జడ వేసి పంపాను. బెంచీ మీద కూర్చోవడానికా అంత గట్టి జడ? తరవాత నవ్వొచ్చింది. నేను మందులషాపు ముందు నిలబడి అన్యాయం అన్యాయం అని అరిచిందంతా తలుచుకుని. ఆ పరీక్ష పెట్టేవాళ్ళు ఎక్కడున్నారో ఏమో, వాళ్ళకి నా తిట్లు ఎన్ని తగిలి ఉంటాయో. పాపం, వాళ్ళు దాన్ని చూడనైనా లేదు.

నవ్వు అయిపోయాక మిషను మీద గుడ్డ కప్పేశాను. ఇన్నాళ్ళూ నేను తిట్టుకోవడానికి ఒకటుండేది. దాని మీద వాలి నిలబడ్డాను. ఇప్పుడు అది లేదు. పెద్దది ఆ వార్డులో ఉండాలనే ఉంది. ఇష్టపడి ఉంది. ఎవరి తప్పూ లేదు. ఎవరి తప్పూ లేకుండా బిడ్డ పోవడం ఎలా భరించాలో నాకింకా రాలేదు. నాలుగో తరగతిలోనూ చెప్పలేదు, మీ మాస్టారూ చెప్పలేరు.

నాకు ముల్లులా గుచ్చుకుంటోంది ఒక్కటే. ఆ కోటు. ఎవరికి కుట్టినా వేసుకునే మనిషిని అడిగి కుడతాను. నా పిల్లకి అడక్కుండా కుట్టాను. గుండీలు మూడుసార్లు మార్చాను గాని, వెళతావా అని ఒక్కసారి అడగలేదు. మాస్కులోంచి అది అన్నది ఇదే అయి ఉంటుంది: "ఆ పరీక్ష రాయలేదమ్మా." మూడు మాటలే. ఇన్నాళ్ళలో మొదటిసారి అతికాయి. కాకపోతే కాకపోనీ. ఇదే అనుకుంటాను.

నీ సంగతి. ఆ రోజు ఇంటి నిండా జనం. నలుగురూ నా నోటి వంక చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నానే అది. నువ్వు ఒక్కసారే విన్నావు, మళ్ళీ అడగలేదు. నేనేమనుకున్నానో తెలుసా? ఖాళీ మంచం ఉన్న ఈ గదిలో, ఏడ్చే ఈ తల్లితో ఉండలేక పారిపోవాలని నీకుంది, పరీక్ష వంక దొరికింది అని. అందుకే పొమ్మన్నాను. కొలతలు పంపు పంపు అని నేను రాసిన ప్రతిసారీ, పంపకపోతే బాగుండునని పోస్టుమాన్ కోసం చూశాను. నీకు పొమ్మని చెప్పిన నోటితోనే, నువ్వు వెళ్ళకపోతే బాగుండునని అనుకున్నాను. మనం ముగ్గురం ఒకే గదిలో ఇన్నేళ్ళు ఎలా ఉన్నామో!

పరీక్ష రాయకు. నాకేం వద్దు. బస్సెక్కి వచ్చెయ్.

అమ్మ


సెప్టెంబరు 7

అమ్మా,

నీ ఉత్తరం పరీక్షకి మూడు రోజుల ముందు అందింది. సంచీ సర్దాను. మాస్టారికి చెప్పాను. ఆయన వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. "ఇన్ని వారాల సాధనలో నీ చెయ్యి ఇప్పుడే కుదురుకుంది" అన్నారు. నువ్వు యూనిఫారం సగం కుట్టి వదిలేసినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన మొహం. ఇన్నాళ్ళూ నీ కోసం చదివాను. ఒక్క రోజు ఎవరి కోసమూ కాకుండా రాసి చూద్దామనిపించింది. ఉండిపోయాను. నిన్నడక్కుండా ఉండిపోయాను, మార్కులొచ్చేదాకా నీకు రాయనూ లేదు, తిట్టు.

పరీక్ష హాలు ఎదురుగా ఆ బెంచీ ఉందమ్మా. ఒక కాలు కాస్త కుంటి. పది నిమిషాలు కూర్చున్నాను. అక్క చోటు ఎటువైపో తెలియక మధ్యలో కూర్చున్నాను. తరవాత సీసా మీది కాగితం పీకి, లోపలికి వెళ్ళాను.

వినడం బాగా చేశాను. చదవడంలో నీ దుకాణం గుర్తొచ్చి ముందు ప్రశ్నలే చదివాను. రాయడంలో ఇంటివాళ్ళకి ఉత్తరం ఇచ్చారు. ఈ మూడు నెలల్లో అంతకన్నా ఏం చేశాను చెప్పు? చెయ్యి దానంతటది వెళ్ళిపోయింది. ఆఖర్న మాట్లాడ్డం. ఎదురుగా కూర్చున్నావిడ చీటీ తిప్పింది: మీకు ఎవరైనా ఇచ్చిన ఒక వస్తువు గురించి చెప్పండి. కట్టుకథ చెప్పలేదమ్మా. పల్చటి కాగితం మీద నీలం సిరా గురించి చెప్పాను. మధ్యలో ఒకచోట ఆగిపోయాను. చాలాసేపు ఆగాను. ఆవిడ గడియారం చూడలేదు, నన్నే చూసింది. తరవాత మిగతాది చెప్పాను.

నిన్న మార్కులొచ్చాయి. మూడు భాగాల్లో కావలసిన దానికంటే ఎక్కువే. మాట్లాడ్డంలో తక్కువ.

ఎంత తక్కువో చెబితే నువ్వు నమ్మవు.

అరమ్మా. సరిగ్గా అర.

మాస్టారు ఆ మూడు భాగాల మార్కులూ గోడ మీద అంటించి, నాలుగోది మడిచి లోపల పెట్టుకున్నారు. బుధవారం బస్సుకి వస్తున్నాను. వచ్చేవారం నుంచి నా గాజు గొట్టాల దగ్గరికి వెళతాను.

నీ బాబిను


సెప్టెంబరు 9

బాబినూ,

నువ్వు బుధవారం వస్తావు, ఈ ఉత్తరం నువ్వు బయల్దేరేలోపు అక్కడికి చేరదు. నువ్వొచ్చాక చేతికిస్తాను. అలవాటైపోయింది, రాయకుండా ఉండలేకపోయాను.

అర మార్కు అని చదివి మిషను మీద తల పెట్టి నవ్వాను. ఎంత నవ్వానంటే ఎదురింటావిడ ఏడుస్తున్నాననుకుని మంచినీళ్ళు తెచ్చింది. ఏమైందని అడిగితే, మా చిన్నదానికి అర మార్కు పోయింది అన్నాను. "అయ్యో, మళ్ళీనా!" అని ఆవిడ కళ్ళొత్తుకుంది. నేను నీళ్ళు తాగాను. ఆ అర మార్కు నిజంగానే ఉందన్నమాట. పెద్దది అబద్ధం చెప్పలేదు, కాస్త ముందుగా చెప్పింది.

కోటు పెట్టెలోంచి తీశాను. విప్పుదామని కత్తెర పెట్టి, మళ్ళీ తీసేశాను. ముందు అడగాలి కదా. ఆసుపత్రికి పట్టుకెళ్ళి, ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు లేక ఇంకా అక్కడే ఉన్న ఏడో నంబరు మంచం ముసలామెని అడిగాను, చలేస్తుందా అని. వేస్తుంది కూతురా అంది. కొలతలు తీసుకున్నాను. చేతులు రెండంగుళాలు తగ్గించాలి. పక్కన పెట్టిన ఆ పద్నాలుగో యూనిఫారం కూడా నిన్న కుట్టేశాను. ఎవరో కొత్త పిల్ల, వేసుకుని అద్దంలో చూసుకుని వెళ్ళింది.

నీలం అట్ట పుస్తకంలో ఆఖరి ప్రశ్న కింద పెన్సిలు లేదు. అక్క అక్కడిదాకా రాలేదు. మందులషాపు తమ్ముడి చేత ఆ ప్రశ్న ఒక్కటీ చదివించుకున్నాను. చాలాకాలంగా చూడని ఒకరికి ఉత్తరం రాసి, మీరెలా ఉన్నారో చెప్పండి అని ఉందట. నూట యాభై మాటలకి తగ్గకూడదట. నాకు వచ్చినవి పదకొండు. ఆ పదకొండూ అక్క పెన్సిలుతోనే రాశాను. మొదటి మాట దాని పేరు, ఆఖరి మాట ఆ టిఫిను డబ్బా మీదిది. ఇరవై నిమిషాల్లో కాలేదు, రెండు రోజులు పట్టింది.

నువ్వొచ్చి దిద్దు. తప్పులుంటే చెప్పు, తుడవకు. మార్కులు వేసేటప్పుడు మాత్రం గుర్తుపెట్టుకో, ఎంత బాగున్నా నాకూ అర మార్కు తగ్గించు. మన ముగ్గురికీ అంతే వచ్చిందని వీధిలో చెప్పుకుంటాను.

అమ్మ